అప్పలమ్మకి రాని అక్షరం

కోటబొమ్మాళి స్టేషన్‌కి వెళ్లే రోడ్డులో, ఎరువుల కొట్టు పక్కన, రూబీ నెట్ సెంటరు ఉంది. పేరుకే నెట్ సెంటరు గాని అక్కడ జరగని పని లేదు. హాల్ టికెట్లు, పొలం కాగితాల ప్రింట్లు, పెళ్లికార్డులు, ప్రార్థన కూడికల కరపత్రాలు, ఆధార్‌లో తప్పుపడ్డ పేర్లు, అన్నింటికీ జనం రూబీ దగ్గరికే వస్తారు. "రూబీ సేసీసిందంటే సేసీసినట్టే" అని రూబీ ఉండే పేటలో అనుకుంటారు. ఆ మాట రూబీ చెవిన కూడా పడింది. పడకుండా ఉంటే బాగుండేది, ఆ పిల్లకి తన వేగం మీద అంత ధీమా ఉండేది కాదు.

రాష్ట్రం రెండు ముక్కలైన ఏడాదే పేటలో బాప్టిస్టు చర్చికి గోడలు లేచి అరవై ఏళ్లు నిండాయి. వజ్రోత్సవం చేద్దామని సంఘంలో అనుకున్నారు. పందిరి, మైకు, బిరియానీ అన్నీ మాట్లాడుకున్నాక పాస్టర్ సత్యానందం గారికి ఇంకో ఆలోచన వచ్చింది.

"పక్కూరి సంఘానికి వెబ్‌సైట్ ఉన్నాదట. మనకి నేకపోతే ఎలగ?" అన్నారాయన.

అందరూ రూబీ వైపు తిరిగారు. రూబీ తల ఊపేసింది. ఇంటికి వచ్చాక గాని తను ఒప్పుకున్నదేమిటో బుర్రకెక్కలేదు.

వెబ్‌సైటంటే కోడ్ రాయాలట. రూబీకి కోడ్ ముక్క రాదు. వచ్చినదల్లా వర్డ్. నరసన్నపేటలో కంప్యూటర్ కోర్సు చేసినప్పుడు నేర్చుకున్న ఆ వర్డ్ మీదే ఇన్నేళ్లూ కొట్టు నడుపుతోంది. ఒకరోజు ఎవరిదో అప్లికేషన్ దాచబోతూ, సేవ్ యాజ్ కింద వరసగా ఉన్న పేర్లన్నీ మొదటిసారి ఓపిగ్గా చదివింది. వాటి మధ్య 'వెబ్ పేజీ' అని ఒకటి కనబడింది. ఇన్నాళ్లూ కళ్ల ముందే ఉండి ఎంత నంగనాచిలా కూర్చుందో చూడండి! నొక్కింది. ఫైలు బొమ్మ మారిపోయింది. తెరిస్తే అచ్చం నెట్‌లో పేజీలా తెరుచుకుంది.

"ఓలమ్మో, ఇంతేనేటి?" అని రూబీ ఒక్కతే కూర్చుని నవ్వుకుంది.

ఇంతే కాదని తర్వాత తెలిసింది. గీతలు కనబడని టేబుల్ ఒకటి గీసి, ఎడమ గడిలో ఫొటోలు, కుడి గడిలో మాటలు పెట్టింది. వెనకాల లేత గోధుమ రంగు వేసింది. ఊరికే చోటిచ్చే సైటు ఒకటి వెతికి పేజీ ఎక్కించింది. పాస్టర్ గారు తన ఫోనులో తెరిచి చూస్తే మాటలున్నాయి గాని ఫొటోల చోట ఖాళీ డబ్బాలున్నాయి. వర్డ్ ఫొటోలన్నింటినీ పక్కనే ఇంకో ఫోల్డర్‌లో దాస్తుందనీ, రెండూ కలిసి వెళ్తేనే పేజీ నిండుగా కనబడుతుందనీ రూబీకి అప్పటిదాకా తెలియదు. తల్లిని రైలెక్కించి పిల్లల్ని ప్లాట్‌ఫాం మీద వదిలేసినట్టయింది. నాలిక కరుచుకుని ఆ ఫోల్డర్ కూడా ఎక్కించింది.

ఆ పేజీలో అసలు సరుకు ఫొటోలు కాదు, అప్పలమ్మ మాటలు. అప్పలమ్మ రూబీకి అమ్మమ్మ. చర్చి గోడలకి మట్టి మోసిన ఆడవాళ్లలో మిగిలింది ఆవిడ ఒక్కతే. కిందటేడు వేసవిలో రూబీ ఆవిణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి, "అమ్మమ్మా, సర్సి ఎలగ కట్టినారో సెప్పు" అని అడిగి ఫోనులో రికార్డు చేసింది. విన్నది విన్నట్టు, ఒక్క ముక్క మార్చకుండా, వర్డ్‌లో కొట్టి దాచింది. కొన్నాళ్లకి ఆ ఫోను నీళ్ల గోలెంలో పడి పాడైపోయింది. పోతే పోయింది, ఫోనే కదా అనుకుంది. క్రిస్మస్ ముందు అమ్మమ్మకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, దాంతోపాటు మాటా పోయింది. పేట మొత్తానికి వినబడేలా మాట్లాడిన మనిషి మంచం మీద "ఊ" అనడం తప్ప ఇంకేమీ అనలేకపోయింది. పాత ఫైల్లోంచి కత్తిరించి పేజీలో అతికించింది గనక, అమ్మమ్మ మాటలు ఇక ఆ పేజీ ఫైల్లో తప్ప ఈ లోకంలో ఎక్కడా లేవు. ఆ సంగతి రూబీకి తెలుసు. తెలిసీ ఇంకో కాపీ తీసి పెట్టుకోలేదంటే ఆ పిల్లని ఏమనాలి?

పేజీకి ముందుమాట రాసింది స్టాన్లీ మాస్టారు. ఆయన అప్పలమ్మకి పెద్దకొడుకు, రూబీకి మేనమావ. శ్రీకాకుళంలో తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. పిల్లలు 'సదువు' అంటే 'చదువు' అనేదాకా బెంచీ మీద నిలబెట్టిన మనిషి. పుట్టింది పేటలోనే గాని పేట మాట ఆయన నోట విన్నవాళ్లు లేరు. వజ్రోత్సవానికి వారం ఉందనగా ఆయన ఫోన్ చేశారు.

"రూబీ, పేజీ చూశాను. బాగుంది. కాని అమ్మ మాటలు అట్లాగే పెట్టేశావేమిటి? 'సెప్పినాను' అని, 'సింత సెట్టు' అని. లోకమంతా చూసే పేజీ అది. మనవాళ్లకి అక్షరం ముక్క రాదని నవ్వుకుంటారు. సరిదిద్దు."

"అమ్మమ్మ అలగే మాట్లాడీది గదా మావా."

"మాట్లాడటం వేరు, రాయడం వేరు. మా అమ్మ పరువు నాకు పట్టదా?"

రూబీకి మనసొప్పలేదు. అమ్మమ్మ మాటని కడిగి ఇస్త్రీ చేసి పెడితే అది అమ్మమ్మ మాట ఎలా అవుతుంది? అదే మాట మావతో అనాలనుకుంది. అనలేకపోయింది. మావ మాటకి ఎదురు చెప్పే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. రెండు రోజులు ఊరుకుంది. మూడోరోజు మావ మళ్లీ అడిగేసరికి, కొట్టులో జనం ఉన్న వేళ, విసుగ్గా ఆ ఫైలు తెరిచింది.

వర్డ్‌లో ఒక మాటని వెతికి దాని బదులు ఇంకో మాట పెట్టే ఏర్పాటు ఉంది. పెళ్లికార్డులో ముహూర్తం మారితే రూబీ వాడేది అదే. అమ్మమ్మ తెలుగుకీ మావ తెలుగుకీ తేడా ఏమిటి? అమ్మమ్మ 'స' అన్నచోట మావ 'చ' అంటాడు. అంతేగా! పై గడిలో 'స' కొట్టింది. కింది గడిలో 'చ' కొట్టింది. 'రీప్లేస్ ఆల్' నొక్కింది. ఒక్క క్షణంలో అయిపోయింది. తెర మీద కనబడుతున్న వాక్యం చదివింది.

'చింత చెట్టు కింద చిన్న పాక, అదే మన చర్చి.'

ఎంత శుభ్రంగా ఉంది! ఒక్క తప్పు లేదు. ఇంత సులువైన పనికి రెండు రోజులు మథనపడ్డానేమిటి అనుకుంది. పైకీ కిందికీ చూడలేదు. సేవ్ చేసింది, అదే పేరుతో నెట్‌లోకీ ఎక్కించింది. పాతదాని మీద కొత్తది కూర్చుంది. కంప్యూటర్ ఆపేసి, ఇంటికి వెళ్లి, చేపల పులుసు పోసుకుని కడుపునిండా తింది.

తెల్లారి కొట్టు తెరవగానే పాస్టర్ గారి ఫోను.

"రూబమ్మా, నానేటి తప్పు సేసినాను తల్లీ?"

"ఏటయ్యగారూ?"

"పేజీలో 'పాచ్టర్ చత్యానందం' అని పడ్డాది. నా పేరుకేటి, పోతే పోనీ. ప్రభువు పేరు ఓపాలి సూడు."

రూబీ పేజీ తెరిచింది. 'యేచు క్రీచ్తు నామమున' అని ఉంది. బాప్టిచ్టు చంఘమట. చువార్త కూటములట. ముందుమాట కింద మావ సంతకం ఉండాల్సిన చోట 'చ్టాన్లీ' అని ఉంది. అది చూసి, అంత భయంలోనూ, పుసుక్కున నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే కిందికి వెళ్లి అమ్మమ్మ మాటలు చూసింది.

'ఆడోలం మట్టి మోచినాం. పొద్దుగూకితే పాటలు పాడుకుంటూ వచ్చీచినాం.'

ఇక నవ్వు రాలేదు.

వెనక్కి తిప్పే బాణం నొక్కబోయింది. నిన్న ఫైలు మూసేసినప్పుడే దాని పని అయిపోయింది, ఇప్పుడది బూడిద రంగులో ఊరికే ఉంది. పోనీ, 'చ'లన్నింటినీ మళ్లీ 'స' చేసేస్తే? అప్పుడు మొదటినుంచీ 'చ'గా ఉన్నవాటి గతేమిటి? నిన్న వచ్చిన 'చ' ఏదో, పాత 'చ' ఏదో కంప్యూటర్‌కి తెలియదు. రెండు బస్తాల బియ్యం ఒకే కుప్పగా పోసేసింది, ఇప్పుడు ఏ గింజ ఏ బస్తాదో చెప్పమంటే ఎవరు చెబుతారు? మావ ముందుమాట మావ దగ్గరుంది. పాస్టర్ గారి సందేశం మళ్లీ అడిగితే మళ్లీ ఇస్తారు. అమ్మమ్మని ఏమని అడగాలి?

మావకి ఫోన్ చేసి, చెప్పాల్సింది సగం చెప్పి సగం ఏడ్చింది. మాస్టారు మధ్యాహ్నం బస్సుకి దిగిపోయారు.

కొట్టులోకి వస్తూనే తెర ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. 'చ్టాన్లీ' దగ్గర ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"దిద్దమన్నాను గాని ఊచకోత కొయ్యమన్నానా?"

"నీ ముందుమాట సాయంత్రంలోగా మళ్లీ కొట్టీస్తాను మావా. అమ్మమ్మ మాటలు ఎక్కణ్ణించి తెస్తాను? ఆ ఫోను నేదు. అమ్మమ్మకి మాట నేదు. ఉన్నదొక్కటీ నా సేత్తో నానే సెరిపీసినాను." చున్నీతో ముఖం కప్పుకుని రూబీ వెక్కివెక్కి ఏడ్చింది. జెరాక్స్ కోసం వచ్చిన దాలమ్మ అనే ఆవిడ గుమ్మంలోనే ఆగి, రేపొస్తానని చెయ్యూపి వెళ్లిపోయింది.

మాస్టారు కళ్లజోడు తుడుచుకుని, జేబులోంచి పెన్ను తీసి, ఒక తెల్లకాగితం ముందేసుకుని, ఒక్కో మాటా తానే సరిచేద్దామన్నట్టు చదవడం మొదలుపెట్టారు. కొంచెం దూరం వెళ్లి ఆగిపోయారు.

'నా చంకలో అప్పుడు చ్టాన్లీ. మట్టి తట్ట నెత్తి మీద, గుంటడు చంకలో. దింపితే ఏడిచీవోడు. అందుకే దింపలేదు.'

"ఇది ఎప్పుడు చెప్పింది అమ్మ?" అన్నారు.

"అదేటి మావా, నువ్వు సదివినావు గదా. సదివే గదా ఫోన్ సేసినావు."

మాస్టారు పెన్ను కింద పెట్టారు. "తప్పులు చూశాను గాని, చదవలేదే రూబీ," అన్నారు.

రూబీకి మావని అలా చూడటం కొత్త. జాలేసింది. నిన్నటి కోపం కూడా కొంచెం మిగిలే ఉంది. లేచి వెళ్లి రెండు టీలు చెప్పి వచ్చింది. వచ్చేసరికి ఆయన కాగితం మీద 'చ' అని ఒకే ఒక్క అక్షరం రాసి దాన్నే చూస్తున్నారు.

"ట్రైనింగ్ చదివే రోజుల్లో," అని మొదలుపెట్టారు, "సెలవులకి ఇంటికొచ్చి అమ్మని ఎదురుగా కూర్చోబెట్టుకునేవాణ్ణి. 'చ అనమ్మా, చ' అనేవాణ్ణి. 'స' అనేది. నాలిక ఎక్కడ పెట్టాలో చూపించేవాణ్ణి. 'స' అనేది. నా స్నేహితులు ఇంటికొస్తే సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి. ఒకరోజు కోప్పడ్డాను కూడా. 'నాకు రాదు నాయినా, ఆ అచ్చరం నువ్వే ఉంచుకో' అంది. మళ్లీ ఎప్పుడూ నా ఎదర కూర్చుని అనడానికి..." మాట మధ్యలో ఆపేశారు. చటుక్కున రూబీ వైపు తిరిగారు. "ఒసే రూబీ! అమ్మ నోట ఒంటి 'చ' ఎప్పుడైనా విన్నావా నువ్వు?"

"నేదు మావా. వచ్చింది, ఇచ్చింది, అచ్చరం, అలగ జోడుగా వస్తే అనీది. ఒంటిగా అయితే..."

అనడం పూర్తి కాలేదు. రూబీ కుర్చీలోకి దూకినంత పని చేసింది. అమ్మమ్మ మాటల్లో పాత 'చ' అంటూ ఉంటే కదా కొత్త 'చ'తో కలిసిపోవడానికి! ఉన్న ఒంటి 'చ'లన్నీ నిన్న తను తెచ్చి పెట్టినవే. ఇంకెవరి మాటలైనా అయితే వెనక్కి వచ్చేవి కావు. అప్పలమ్మవి వస్తాయి. పై గడిలో 'చ' కొట్టింది, కింది గడిలో 'స' కొట్టింది. వేలు ఆగింది.

"నొక్కు," అన్నారు మాస్టారు.

నొక్కింది.

'సింత సెట్టు కింద సిన్న పాక, అదే మన సర్సి.'

రూబీ గట్టిగా "ఓలమ్మా!" అంది. అమ్మమ్మ అరుగు మీద కూర్చుని చెబుతున్నట్టే ఉంది. అక్కడక్కడ 'వస్సింది' అనీ 'ఇస్సినారు' అనీ పడ్డాయి. ఆ జంట 'స'లని మళ్లీ జంట 'చ'లుగా మార్చింది. ఈసారి రీప్లేస్ ఆల్ నొక్కేముందు ఇంకో పేరుతో కాపీ దాచింది. అంతటితో ఆగక పెన్‌డ్రైవ్‌లోకి ఒకటి, తన మెయిల్‌కి ఒకటి పంపుకుంది. బుద్ధి ఎంత ఆలస్యంగా వస్తుందో!

పాస్టర్ గారి పేరు సరైంది. ప్రభువు పేరు సరైంది. ఇక పేజీ మొదటికి వెళ్లి చూస్తే, మాస్టారి ముందుమాట ఇలా ఉంది.

'మన సర్సి సరిత్ర ప్రతి ఒక్కరూ సదవదగినది.'

రూబీ పెదవి బిగబట్టింది. "మావా, నీది వెంటనే దిద్దీనా?"

మాస్టారు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకున్నారు. ముప్పై ఏళ్ల పైగా బెంచీలెక్కించిన మాస్టారి వాక్యం అచ్చం ఆయన తల్లి మాటలా ఉంది. కోపం వస్తుందేమోనని రూబీ కాచుకుంది. రాలేదు.

"ఉండనీ, తర్వాత చూద్దాం. ముందు నెట్‌లోకి ఎక్కించు. అమ్మ దగ్గరికి పోదాం," అన్నారు.

ఇంట్లో రూబీ తల్లి శాంతి అప్పుడే అప్పలమ్మకి జావ పట్టి, మూతి తుడిచి, గోడకి తలగడ పెట్టి కూర్చోబెడుతోంది. అన్నని చూసి కంగారుపడింది. "ఏటన్నా, సెప్పకుండ వచ్చినావు?" అంది. మాస్టారు చెయ్యి ఊపి, మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. రిటైరైనప్పుడు పిల్లలు కొనిచ్చిన పెద్ద ఫోను ఆయనది. రూబీ అందులో పేజీ తెరిచి ఆయన చేతికిచ్చింది.

"అమ్మా, ఇదిగో, నువ్వు చెప్పిన మాటలు. రూబీ నెట్‌లో పెట్టింది. చదువుతాను, విను."

మొదటి వాక్యం ఆయన రాసిందే. చదివేటప్పుడు దిద్దుకుని చదువుతాడని రూబీ అనుకుంది. ఆయన దిద్దుకోలేదు. "మన సర్సి సరిత్ర ప్రతి ఒక్కరూ సదవదగినది" అని ఉన్నది ఉన్నట్టే చదివారు. అప్పలమ్మ కిటికీ వైపు ఉన్న ముఖం మెల్లగా ఇటు తిప్పింది.

తర్వాత ఆవిడ మాటలు వచ్చాయి. సింత సెట్టు, సిన్న పాక, వానకి ఆకుల కప్పు కారడం, గాలికి పాక లేచిపోవడం, ఆడోళ్లు మట్టి తొక్కడం. మాస్టారు నెమ్మదిగా చదివారు, ఎక్కడా తొందరపడలేదు. 'నా సంకలో అప్పుడు స్టాన్లీ' అన్నచోట ఆగి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని, 'దింపితే ఏడిచీవోడు, అందుకే దింపలేదు' అని ముగించారు. శాంతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పలమ్మ కళ్లు కొడుకు నోటి మీదే ఉన్నాయి.

"'స్టాన్లీని టౌను బడిలో సేర్సడానికి మొదటిపాలి బచ్చు ఎక్కినాను...'"

మాస్టారు ఆగారు. రూబీ నుదురు కొట్టుకుంది. 'వస్సింది'ని 'వచ్చింది' చేస్తూ, 'బస్సు'ని కూడా అదే ఊపులో మార్చేసింది. ఆ ఒక్కటీ కంటపడలేదు.

అప్పలమ్మ ఎడమ చెయ్యి దుప్పటి మీంచి లేచింది. నుదురు ముడిపడింది. ఆవిడ మూతి ఒక పక్కకి కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది.

"స్... సు," అంది.

శాంతి గబగబా మంచం దగ్గరికి వచ్చింది.

"ఏటమ్మా?" అన్నారు మాస్టారు. ఆయన నోట ఆ మాట రూబీ పుట్టాక వినలేదు.

"స్సు," అంది అప్పలమ్మ మళ్లీ, ఈసారి కొంచెం విసుగ్గా, తప్పు చదివిన పిల్లాణ్ణి దిద్దుతున్నట్టు.

మాస్టారు ఫోను మంచం మీద వదిలేశారు. తల్లి ఎడమ చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, ముఖం ఆవిడ ముఖానికి దగ్గరగా పెట్టి, ఒకప్పుడు సెలవుల్లో కూర్చున్నట్టే ఎదురుగా కూర్చున్నారు.

"అవునమ్మా, బస్సే. నాను తప్పు సదివినాను. మళ్లీ అను," అన్నారు. "స అనమ్మా. స."